వాక్యములను కలుపు విధము: పిల్లల వ్యాసములు, పంచాయతీ తీర్మానములు

పంచాయతీ సభ్యుల చేతికి నిత్యము ఏవో కాగితములు వచ్చుచునే యుండును. రైతు తెచ్చిన అర్జీ, కార్యదర్శి వ్రాసిన తీర్మానము, పై అధికారి పంపిన ఉత్తరువు, బడిలో బహుమతి పోటీకి పిల్లలు వ్రాసిన వ్యాసములు - ఇవన్నియు మనము చదువవలసినవే. వీనిలో కొన్ని ఒక్కసారి చదివినంతనే బోధపడును. మరికొన్నింటిని మూడుసార్లు చదివినను, వ్రాసినవారు చెప్పదలచినదేమో తెలియదు. వానిలో అక్షరదోషములు లేవు. ప్రతి వాక్యము విడిగా చూచిన సరిగానే యున్నది. అయినను మొత్తము మీద అర్థము నిలువదు. ఇట్లేల జరుగును?

కారణము చాలవరకు ఒక్కటే. వాక్యములున్నవి గాని, ఒక వాక్యమును మరియొక వాక్యముతో కలుపు ముడి లేదు. రాళ్లు తెచ్చి కుప్పగా పోసినంత మాత్రమున గోడ కాదు. రాతికి రాతికి నడుమ మట్టియో సున్నమో పడవలెను. ఏ రాయి క్రింద నుండవలెనో, ఏది మీద నుండవలెనో చూచి పేర్చవలెను. వ్రాత కూడ అట్టిదే. ఆ ముడిని గూర్చి, దానిని పిల్లలకు నేర్పు విధమును గూర్చి ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

ఇది ఉపాధ్యాయుల పని గదా, పంచాయతీ సభ్యులకేల యని కొందరికి తోచవచ్చును. ఇందుకు రెండు కారణములు చెప్పెదము. మొదటిది, బడి బాగోగులలో గ్రామమునకు పాలు కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘములో ఉపాధ్యాయులతో పాటు తల్లిదండ్రులును, ఎన్నికైన స్థానిక ప్రతినిధులును ఉండవలెను. అందు నాలుగింట మూడు వంతులకు తక్కువ కాకుండ తల్లిదండ్రులే యుండవలెను; సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. బడి ఎట్లు నడచుచున్నదో చూచుట ఆ సంఘము విధి. గోడలకు సున్నము వేసినారా యని చూచు మనము, పిల్లలు ఏమి వ్రాయుచున్నారో కూడ చూడవలదా? రెండవది, పిల్లల వ్యాసమున ఏ లోపమున్నదో అదే లోపము మన తీర్మానములలోను తరచుగా కనబడుచున్నది. ఒకటి దిద్దుట నేర్చినచో రెండవది తానే దారికి వచ్చును.

తుక్కుగూడ చెప్పు పాఠము

హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రహదారిపై, పహాడీ షరీఫ్ దాటిన పిదప తుక్కుగూడ వచ్చును. ఇది రంగారెడ్డి జిల్లాలోనిది. ఈ జిల్లా 1978లో హైదరాబాదు జిల్లా నుండి వేరుపడినది. తుక్కుగూడకు పడమటనున్న శంషాబాదులో విమానాశ్రయము 2008లో తెరువబడినది. నగరము చుట్టు 158 కిలోమీటర్ల పొడవున వేసిన ఔటర్ రింగు రోడ్డు ఈ ఊరి యొద్ద శ్రీశైలము రోడ్డును దాటిపోవుచున్నది. ప్రక్కనున్న రావిర్యాలలో హార్డువేరు పార్కు వెలసినది. ఒకప్పుడు గ్రామపంచాయతీగా నుండిన తుక్కుగూడ నేడు పట్టణ పాలన క్రిందికి వచ్చినది.

ఇట్టి మార్పు ఒక్క తుక్కుగూడకే వచ్చినది కాదు. నగరమునకు సమీపమున నున్న ఏ గ్రామమునకైనను రేపు రావచ్చును. గ్రామము పట్టణములో చేరినపుడు పంచాయతీ ముగియును. సభ్యుల పదవులును ముగియును. ఊరి సంగతులు నాలుక మీద నుంచుకొన్న పెద్దలు ఒకరొకరుగా తప్పుకొందురు. మిగులునది తీర్మానముల పుస్తకము. చెరువు శిఖము హద్దు ఎంతవరకు, శ్మశానమునకు బాట ఎటు, బడికి విడిచిన స్థలమెంత - కొత్తగా వచ్చిన అధికారి ఆ పుస్తకమును చూచియే తెలిసికొనవలెను. ఆ వ్రాతలో నిర్ణయము మాత్రమే యుండి, ఏ కారణమున అట్లు నిర్ణయించిరో లేనిచో, ఆ నిర్ణయమునకు పట్టు చిక్కదు. "పూర్వము ఎవరో ఏదో వ్రాసిరి" అని పుస్తకమును మూసివేయుట సులభము. "ఈ కారణము చేత, ఈ పనికై, ఈ స్థలమును విడిచితిమి" అని వ్రాసినదానిని కాదనుట కష్టము.

కావున వాక్యములను కలుపుట కేవలము అలంకారము కాదు. ఊరి హక్కు కొన్ని సందర్భములలో ఒక్క "కావున" మీద ఆధారపడి యుండును.

ఒక బాలుని వ్యాసము

ఇట్టి ఊరిలో ఏడవ తరగతి చదువుచున్న బాలుని "మా ఊరి చెరువు" అను వ్యాసము వ్రాయుమన్నారనుకొందము. అతడిట్లు వ్రాసెననుకొందము:

"మా ఊరిలో చెరువు ఉంది. చెరువు పెద్దది. మా తాత వరి వేసేవాడు. చెరువులో నీళ్లు లేవు. రోడ్డు వచ్చింది. ఇండ్లు కట్టారు. మేము బోరు నీళ్లు తాగుతాము. చెరువును కాపాడాలి."

ఎనిమిది వాక్యములు. అన్నియు నిజమే. తప్పు పట్టుటకు వీలులేదని ఉపాధ్యాయుడు మార్కులు వేసి పంపవచ్చును. కాని చదివినవారికి ఎన్ని సందేహములు! తాత వరి వేయుటకును చెరువునకును ఏమి సంబంధము? నీళ్లు ఎప్పుడు లేకపోయినవి? రోడ్డు వలననా, ఇండ్ల వలననా, వానలు లేకనా? బోరు నీళ్లు త్రాగుట మేలా, కీడా? చెరువును కాపాడుట అనగా ఏమి చేయుట?

ఇచట ఉపాధ్యాయుడు గాని, ఇంటి పెద్ద గాని ఎఱ్ఱసిరా కలము తీయనక్కరలేదు. బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ప్రతి రెండు వాక్యముల నడుమ ఒక్క ప్రశ్న వేసిన చాలును: "ఎందుకు?" "అప్పుడేమైనది?" "అయితే ఏమి?" బాలునికి సమాధానములు తెలిసియే యుండును. తెలియనిచో ఇంటికి పోయి తాతను అడిగి వచ్చును. ఆ సమాధానములను చేర్చి మరల వ్రాయుమన్నచో, వ్యాసము ఈ రూపము దాల్చవచ్చును:

"మా ఊరిలో పెద్ద చెరువు ఉంది. ఆ చెరువు నీటితోనే మా తాత వరి వేసేవాడు. ఇప్పుడు మాత్రం చెరువులో నీళ్లు లేవు. వానలు పడినా నీళ్లు చేరడం లేదు, ఎందుకంటే పైనుంచి వచ్చే కాలువ పూడిపోయింది. కాలువ పక్కనే ఇండ్లు కట్టడంతో దాన్ని తవ్వడానికి చోటు కూడా తగ్గింది. చెరువు నిండక మా బావి ఎండిపోయింది. అందుకే మేము బోరు నీళ్లు తాగుతున్నాము. ఆ బోరు కూడా ఎండిపోతే మాకు వేరే దారి లేదు. కాబట్టి ముందుగా కాలువను బాగు చేయాలి."

ఈ రెండింటికిని గల భేదమును గమనింపుడు. రెండవ వ్యాసమున కఠిన పదము ఒక్కటియు లేదు. భాష బాలునిదే. చేరినవి "ఆ", "ఇప్పుడు మాత్రం", "పడినా", "ఎందుకంటే", "అందుకే", "కాబట్టి" అను చిన్న మాటలును, వానితో పాటు వచ్చిన కొన్ని సంగతులును. కాని వీనివలన రెండు పెద్ద మార్పులు కలిగినవి.

మొదటి మార్పు: ముగింపు మారినది. "చెరువును కాపాడాలి" అనుట ఎవరును కాదనని మాట. ఎవరును చేయని పని. "కాలువను బాగు చేయాలి" అనుట చేయదగిన పని. కారణములను వరుసగా కలుపుకొని వచ్చినందువలననే బాలుడు ఈ ముగింపునకు చేరగలిగెను.

రెండవ మార్పు: "రోడ్డు వచ్చింది" అను వాక్యము జారిపోయినది. రోడ్డునకును చెరువునకును సంబంధమేమని అడిగినపుడు బాలునికి సమాధానము దొరకలేదు. ముడి దొరకని వాక్యమును విడిచిపెట్టుట మంచి వ్రాతకు మొదటి లక్షణము. ముడివేయుమన్నపుడే ఏది అవసరమో, ఏది కాదో తెలియును.

ముడులు ఎన్ని విధములు?

వాక్యముల నడుమ సంబంధములు లెక్కకు మిక్కిలి కావు. పిల్లలకు ఈ ఆరు నేర్పినచో నిత్యవ్యవహారమునకు చాలును.

1. చేర్చుట: చెప్పినదానికి అట్టిదే మరియొకటి కలుపుట. అంతేకాక, అదియునుగాక, అట్లే, కూడ.

2. కాలక్రమము: ఏది ముందు, ఏది వెనుక అని చెప్పుట. మొదట, పిదప, ఆ తరువాత, అంతలో, తుదకు.

3. కారణము, ఫలితము: ఎందువలన జరిగినది, దానివలన ఏమైనది అని చెప్పుట. ఏలయనగా, అందువలన, కావున, తత్ఫలితముగా.

4. విరోధము: అనుకొన్నది ఒకటి, జరిగినది మరియొకటి అని చెప్పుట. కాని, అయినను, అట్లయ్యును, మాత్రము.

5. షరతు: ఇది జరిగిన అది జరుగునని చెప్పుట. అయినచో, ఒకవేళ, లేనిచో.

6. వివరణ: చెప్పినదానిని విప్పి చూపుట. అనగా, ఉదాహరణకు, ముఖ్యముగా.

వీనిని పిల్లలచే వల్లె వేయించుట వలన లాభము లేదు. రెండు వాక్యములిచ్చి నడుమ ఖాళీ వదలి, ఏ మాట పెట్టినచో ఏ అర్థము వచ్చునో అడుగవలెను. "వాన పడింది. చెరువు నిండలేదు." నడుమ "కాని" పెట్టినచో, నిండవలసినది నిండలేదను ఆశ్చర్యము తోచును. "అందుకే" పెట్టినచో పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వుటలోనే పాఠము ఉన్నది. మాట తప్పు కాదు, సంబంధము తప్పని వారికి తెలిసిపోయినది.

తెలుగునకు సహజమైన తీరు

ఇంగ్లీషు చదివినవారిలో కొందరు ప్రతి రెండు మాటల నడుమను "మరియు" చేర్చుట అలవాటు చేసికొనుచున్నారు. తెలుగునకు దాని అవసరము మిక్కిలి తక్కువ. "సర్పంచి మరియు కార్యదర్శి వచ్చిరి" అనుటకంటె "సర్పంచియు కార్యదర్శియు వచ్చిరి" అనుట తెలుగు. నేటి వాడుకలో "సర్పంచీ, కార్యదర్శీ వచ్చారు" అన్నను చాలును. చివరి అచ్చు సాగుటయే ముడి.

వాక్యములను కలుపుటలో గూడ తెలుగు క్రియ తన తోకతోనే చాల పని చేయును. "రైతు పొలమునకు వెళ్లెను. రైతు నాగలి కట్టెను. రైతు దున్నెను" అని మూడు వాక్యములు వ్రాయనేల? "రైతు పొలమునకు వెళ్లి, నాగలి కట్టి, దున్నెను" అన్న ఒక్క వాక్యము చాలును. ఈ "వెళ్లి", "కట్టి" అను రూపములను వ్యాకరణమున క్త్వార్థకములందురు. చిన్నయసూరి బాలవ్యాకరణమున ఇట్టివానికన్నింటికిని పేర్లును సూత్రములును గలవు. పిల్లలకు పేర్లు చెప్పకున్నను, ఒక్క క్రియ ఎన్ని ముడులు వేయగలదో చూపవలెను:

వాన కురియగా చెరువు నిండెను. - జరిగిన సంగతి, దాని ఫలితము.
వాన కురిసినచో చెరువు నిండును. - షరతు.
వాన కురిసినను చెరువు నిండలేదు. - విరోధము.
వాన కురియకముందే తూము బాగుచేసిరి. - కాలక్రమము.

క్రియ ఒక్కటే. తోక మారినకొలది సంబంధము మారుచున్నది. ఇంత సౌకర్యము మన భాషలో నుండగా దానిని విడిచి పొడిపొడి వాక్యములు వ్రాయుట చేతిలోని త్రాడును విడిచి వేరొకచోట వెదకుట వంటిది.

అయితే ఇందు ఒక జాగ్రత్త అవసరము. "కార్యదర్శి అర్జీ చదివి సర్పంచి సంతకము చేసెను" అని వ్రాసినచో చదివినదెవరు, సంతకము చేసినదెవరు అను గందరగోళము కలుగును. "చదివి" అన్నపుడు రెండు పనులును ఒక్కరే చేయుట సామాన్య నియమము. పని చేయువారు వేరైనపుడు "కార్యదర్శి అర్జీ చదువగా సర్పంచి సంతకము చేసెను" అనవలెను. డబ్బు చెల్లింపు, పని అప్పగింత, సంతకము - ఇట్టి వ్యవహారములలో ఈ చిన్న భేదము పెద్ద తగవులకు దారి తీయవచ్చును.

మరియొక జాగ్రత్త. కలుపవచ్చును గదా యని పుట అంతయు ఒక్క వాక్యముగా సాగదీయరాదు. కచేరీ కాగితములలో ఈ దోషము మెండు. ఒక వాక్యమున ఒక ముఖ్యమైన పని యుండవలెను. తక్కినవి దానిని ఆనుకొని యుండవలెను. చదువువారు ఊపిరి తీసికొనుటకు చోటు లేనిచో వాక్యమును విరిచి, తరువాతి వాక్యమును "ఈ విధముగా", "ఆ కారణమున" అని మొదలుపెట్టుట మేలు.

ఇంటి మాట, బడి మాట

తుక్కుగూడ ప్రాంతపు పిల్లవాడు ఇంటిలో "గందుకే" అనును, "గని" అనును, "అటెన్క" అనును, "గట్లనే" అనును. ఇవన్నియు ముడిమాటలే. అందుకే, కాని, తరువాత, అట్లే అనువానికి ఇంటి రూపములు. అనగా బడికి రాకమునుపే ఆ పిల్లవానికి వాక్యములు కలుపుట తెలియును. కోడి పోయిన సంగతి తల్లికి చెప్పునపుడు వాడు ఎంత చక్కగా కారణమును, క్రమమును, సందేహమును కలిపి చెప్పునో వినుడు! అదే పిల్లవాడు కాగితము ముందు కూర్చున్నపుడు పొడి వాక్యములు వ్రాయుటకు కారణము భయము. తన మాట బడిలో పనికిరాదని ఎవరో చెప్పియుందురు. మాటతో పాటు ముడిని గూడ వాడు ఇంటివద్దనే విడిచి వచ్చినాడు.

విద్యార్థి వ్రాతలో ఏ భాష యుండవలెనను తర్కము మనకు కొత్త కాదు. 1910 తరువాతి సంవత్సరములలో మద్రాసు రాజధానిలో స్కూలు ఫైనలు విద్యార్థులు తెలుగు వ్యాసమును గ్రాంథికమున వ్రాయవలెనా, వ్యవహారమున వ్రాయవచ్చునా యని గొప్ప వాదము నడచినది. గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు వ్యవహార భాషకై నిలిచిరి. జయంతి రామయ్య పంతులు మొదలగువారు గ్రాంథికమునకై నిలిచిరి. గురజాడ 1914లో విశ్వవిద్యాలయమునకు తన అసమ్మతి పత్రమును సమర్పించెను. కాలక్రమమున వాడుకభాష బడిలోను పత్రికలలోను నిలిచినది. ఇందు మనము గమనింపదగినది ఒకటి కలదు. "చేసినను" అన్నను "చేసినా" అన్నను, "కావున" అన్నను "కాబట్టి" అన్నను, ముడి అదే. రూపమును గూర్చి పెద్దలు వాదించిరి గాని, ముడి అక్కరలేదని ఏ పక్షమువారును అనలేదు.

తెలంగాణ ప్రాంతమున మరియొక కష్టముండెడిది. హైదరాబాదు సంస్థానమున కచేరీ వ్యవహారము ఉర్దూలో నడచెడిది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున గూడ బోధన ఉర్దూలోనే యుండెడిది. ఉర్దూ రాని రైతు తన కష్టమును తెలుగులో చెప్పగా, వేరొకరు దానిని కాగితము మీద పెట్టవలసి వచ్చెడిది. తన "అందువలన" తన చేతిలో లేదు. తాను చెప్పిన కారణమే కాగితము మీదికి ఎక్కినదో, వేరొకటి ఎక్కినదో అతనికి తెలియు దారి లేదు. నేడు గ్రామసభ తెలుగులో జరుగుచున్నది. తీర్మానము తెలుగులో వ్రాయుచున్నాము. అంతటి అవకాశము చేతికి వచ్చిన పిదప దానిని పొడి వాక్యములతో వృథా చేయుట తగదు.

కనుక పిల్లవాడు "గందుకే" అని వ్రాసినచో మొదట సంతోషింపవలెను. కారణమును ఫలితముతో కలుపుట వానికి వచ్చినది. ఆ పిదప, "ఊరికి దూరమున నున్నవారు చదువునపుడు దీనిని 'అందుకే' అని వ్రాయుదుము" అని నెమ్మదిగా చెప్పవలెను. రూపము దిద్దుట సులభము. ముడి లేనివానికి ముడి నేర్పుటయే కష్టము.

"తరువాత" వేరు, "అందువలన" వేరు

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతికి వత్తము. ముడిమాట ఒక హామీ వంటిది. "అందువలన" అని వ్రాసినవాడు "ఈ కారణమునకు నేను బాధ్యుడను" అని పలికినట్లే. కావున ముడి లేకుండుట ఎంత దోషమో, లేని ముడిని వేయుట అంతకంటె పెద్ద దోషము.

"రింగు రోడ్డు వచ్చిన తరువాత మా చెరువు ఎండినది" అనుకొందము. ఇది నిజము కావలెనన్న రెండు సంవత్సరములు తెలిసిన చాలును: రోడ్డు ఎప్పుడు వచ్చినది, చెరువు ఎప్పుడు ఎండినది. "రింగు రోడ్డు వచ్చినందువలన మా చెరువు ఎండినది" అనుటకు అంత మాత్రము చాలదు. రోడ్డు రాక పూర్వము ఆ చెరువు ఎన్నడైనను ఎండినదా? రోడ్డునకు దూరముగా నున్న చెరువులు ఆ సంవత్సరములలో నిండినవా? రోడ్డు కట్ట వలన చెరువునకు వచ్చు వాగు గాని, కాలువ గాని తెగినదా? తెగినచో ఎచ్చట? ఈ ప్రశ్నలకు సమాధానము దొరికినపుడే "అందువలన" అని వ్రాయవలెను. దొరకనిచో "తరువాత" అని ఊరకుండుట నిజాయితీ. కొత్త సర్పంచి వచ్చిన తరువాత మంచి వానలు పడవచ్చును. సర్పంచి వచ్చినందువలననే పడినవని సర్పంచియు అనడు గదా!

దీనికి మారువైపు గూడ చెప్పవలెను. కారణము తెలిసియుండియు దానిని దాచి "తరువాత" అని వ్రాయుట పిరికితనము. కాలువను ఎవరో పూడ్చినందువలననే నీరు రాలేదని చూచినవారుండగా, "కాలువ పూడినది, తరువాత నీరు రాలేదు" అని వ్రాసినచో ఆ పుస్తకమును రేపు చదువువారు దానిని దైవఘటన యని తలంతురు. సత్యమునకు ఎక్కువయు చేయక, తక్కువయు చేయక, ఉన్న ముడిని ఉన్నట్లు వేయుట నేర్చిన బాలుడు పెరిగి పెద్దవాడై సాక్ష్యము చెప్పినను, లెక్క వ్రాసినను ఆ అలవాటు వానిని విడువదు.

తీర్మానము వ్రాయునపుడు

ఇంతవరకు చెప్పినదానిని మన పనికి అన్వయించి చూతము. ఒక తీర్మానము ఇట్లున్నదనుకొందము:

"చెరువు తూము పాడైనది. రైతులు ఇబ్బంది పడుచున్నారు. గత సంవత్సరము కూడ అర్జీ ఇచ్చితిమి. వేసవి వచ్చుచున్నది. దాని గురించి తగు చర్య తీసికొనవలెనని తీర్మానించడమైనది."

"దాని గురించి" అనగా దేని గురించి? తూము గురించియా, అర్జీ గురించియా, వేసవి గురించియా? వేసవికిని తూమునకును సంబంధమేమి? "తగు చర్య" ఎవరు తీసికొనవలెను? చదివిన అధికారి తన బుద్ధికి తోచినట్లు అర్థము చేసికొనును, లేదా ప్రక్కకు పెట్టును. అదే సంగతిని ఇట్లు వ్రాయవచ్చును:

"చెరువు తూము తలుపు చెడిపోయినందున నీరు రాత్రింబగళ్లు వృథాగా పోవుచున్నది. తత్ఫలితముగా ఆయకట్టు చివరనున్న పొలములకు నీరు అందుట లేదు. ఈ విషయమై గత సంవత్సరము అర్జీ ఇచ్చినను పని జరుగలేదు. చెరువులో నీరు తగ్గినపుడే తూము పని చేయుటకు వీలగును గనుక, ఈ వేసవి దాటినచో మరల ఒక సంవత్సరము ఆగవలసి వచ్చును. కావున వానలు మొదలగుటకు పూర్వమే తూము తలుపును మార్పించవలసినదిగా నీటిపారుదల శాఖ ఇంజనీరును కోరుచు తీర్మానించడమైనది."

పొడవు పెరిగినది, నిజమే. కాని ప్రతి వాక్యమును వెనుకటి వాక్యము చేయి పట్టుకొని వచ్చుచున్నది. పొలములకు నీరందకపోవుటకు కారణము కనబడినది. వేసవి ప్రస్తావన ఏల వచ్చినదో తెలిసినది. ఎవరు, ఏ పనిని, ఎప్పటిలోగా చేయవలెనో స్పష్టమైనది. పని చేయనిచో ఏమి నష్టమో గూడ అందే యున్నది. ఇక చదివినవారు తెలియలేదనుటకు వీలు లేదు.

తీర్మానము వ్రాసిన పిదప ఒక సభ్యుడు దానిని బిగ్గరగా చదువవలెను. తక్కినవారు ప్రతి వాక్యము చివర "అయితే ఏమి?" అని మనసులో అడుగవలెను. తరువాతి వాక్యము దానికి సమాధానము చెప్పనిచో, అచట ముడి వదులైనదని గ్రహింపవలెను. "అది", "దాని", "వారు" అను మాటలు వచ్చినచోట, ఏది, దేని, ఎవరు అని ఒక్కసారి ఆగి చూడవలెను. సందేహమున్నచో పేరే మరల వ్రాయవలెను. ఒకే మాట రెండుసార్లు వచ్చుట కాగితమున దోషము కాదు. రెండు అర్థములు వచ్చుట దోషము.

పంచాయతీ చేయదగినది

ఈ పనికి నిధులు అక్కరలేదు. ఉపాధ్యాయులతో సంప్రతించి పంచాయతీ ఈ నాలుగు పనులను ప్రోత్సహింపవచ్చును.

మొదటిది, చీటీల ఆట. బాగుగా వ్రాసిన ఒక పేరాలోని వాక్యములను వేర్వేరు చీటీలమీద వ్రాసి, కలిపి, పిల్లల ముందు పెట్టవలెను. వారు వానిని వరుసలో పేర్చి, ఏ మాటను చూచి ఆ వరుసను కనుగొనిరో చెప్పవలెను. "'ఆ కాలువ' అని ఉంది కాబట్టి దీని ముందు కాలువ సంగతి ఉండాలి" అని ఒక బాలిక చెప్పగలిగిన నాడు పాఠము వచ్చినట్లే.

రెండవది, పెద్దలను అడిగి వ్రాయుట. ఊరి బావి, బడి, బాట - ఏదో ఒకదానిని గూర్చి పిల్లలు పెద్దలను అడిగి, ఒకవైపు "ఏమి జరిగినది", మరియొకవైపు "ఎందువలన అని ఎవరు చెప్పిరి" అని వ్రాసికొనవలెను. ఇద్దరు పెద్దలు రెండు కారణములు చెప్పినచో రెండును వ్రాయవలెను. ఇందువలన "తరువాత"కును "అందువలన"కును గల భేదము పిల్లలకు అనుభవమునకు వచ్చును. ఊరి చరిత్ర కొంత కాగితము మీదికి గూడ ఎక్కును.

మూడవది, దిద్దు వరుస. వ్యాసము దిద్దునపుడు మొదటిసారి ముడులను మాత్రమే చూడవలెను. అక్షరదోషములను రెండవసారి చూడవలెను. మొదటనే పుట నిండ ఎఱ్ఱగీతలు కనబడినచో పిల్లవాడు తరువాతిసారి చిన్న వాక్యములే వ్రాయును. చిన్న వాక్యములలో తప్పులు తక్కువగా పడును గదా!

నాలుగవది, చదివి వినిపించుట. గ్రామసభ రెండు నెలలకు ఒకసారియైనను జరుగవలెనని తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము (2018) చెప్పుచున్నది. ఆ సభ ఆరంభమున ఒక బాలుడో, బాలికయో ఊరి సంగతిపై తాను వ్రాసిన వ్యాసమును చదువవచ్చును. గిడుగు జయంతియగు ఆగస్టు 29న తెలుగు భాషా దినము, కాళోజీ జయంతియగు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినము జరుపుకొనుచున్నాము. ఆ రోజులలో దండలు వేసి ఉపన్యసించుటతో ఆగక, పిల్లల వ్యాసములను వినినచో ఆ పెద్దలకు తగిన గౌరవము చేసినవారమగుదుము.

తుక్కుగూడ మీదుగా పోవు రోడ్డు మన ఊరివరకు ఎప్పుడు వచ్చునో చెప్పలేము. వచ్చిననాడు పొలములు మారును, పనులు మారును, పాలన మారును. ఆనాడు "మాకు ఇది కావలెను" అని కేకవేయువారు అనేకులుందురు. "ఇది జరిగినది, ఇందువలన జరిగినది, కావున ఇది చేయవలెను" అని వ్రాసి చూపగలవారు కొందరైనను మన ఊరిలో నుండవలెను. వారు నేడు మన బడిలో ఏడవ తరగతి చదువుచున్నారు. రానున్న గ్రామసభకు ముందు ఒక్కసారి బడికి పోయి, వారి వ్యాసముల పుస్తకములను తెరచి చూడుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.